అన్నం ఉడికేంత దూరం

మొన్న మా మనవరాలు వంటింటి గట్టు మీద ఎక్కి కూర్చుని ఫోను నా ముందు పెట్టింది. దాని పెనిమిటి సైన్యంలో ఉన్నాడు. ఉత్తరాన మంచు కొండల్లోకి వేశారు. ఇల్లు దొరికిందట, ఇక ఇది వెళ్ళాలి. శ్రీనగర్ అన్నచోట ఒక చుక్క, లేహ్ అన్నచోట ఒక చుక్క, రెంటికీ నడుమ వంగిన గీత, దాని పక్కన ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని నిమిషాలు అని లెక్క. రెండూ చిన్న విమానాశ్రయాలేనట. కళ్ళజోడు పెట్టుకుని ఆ లెక్క నేనే కూడబలుక్కుని చదివాను. నాకు చదవడం నలభై ఎనిమిదో ఏట వచ్చింది. అంచేత ఎక్కడ అక్షరం కనబడినా వదలను, కందిపప్పు పొట్లం మీద ఉన్నది కూడా పూర్తిగా చదివాకే పప్పు డబ్బాలో పోస్తాను. "రోడ్డు మీదైతే కొండలన్నీ చుట్టుకుని రెండు రోజులు, అమ్మమ్మా. విమానమైతే గంట కూడా లేదు. ఇలా ఎక్కి అలా దిగడమే" అంది మనవరాలు. బియ్యం కడుగుతున్న నా చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. సరిగ్గా ఆ మాటే, ఆ ముక్కలతోనే, ఒకప్పుడు నేను మా అక్కకి చెప్పాను.

అది బహ్రెయిన్‌లో ఉన్నప్పటి సంగతి. ఎనభైల మొదట్లో మా కోనసీమ పల్లెల నుంచి ఆడవాళ్ళు గల్ఫు ఇళ్ళలో పనికి వెళ్ళడం అప్పుడప్పుడే మొదలైంది. నేను అలా వెళ్ళినదాన్నే. మనామా పాతబజారు వెనక సందులో రెండంతస్తుల ఇల్లు. ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలవాలి, అక్కడి పద్ధతి అది. మా మామా నాకంటే నాలుగేళ్ళే పెద్ద. అయినా తల్లిని పిలిచినట్టు పిలవడం మొదట్లో నాకు నవ్వొచ్చేది. మంచి మనిషే. కోపం వస్తే గిన్నెలు విసిరేది గానీ నా మీదికి కాదు, గోడ మీదికి. తర్వాత ఆ గిన్నె సొట్ట పడిందని నా దగ్గరే విచారించేది. ఆవిడకి ఒక్కగానొక్క చెల్లెలు. సముద్రానికి అవతలి గట్టున, సౌదీలో ఇచ్చారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ పొద్దున ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు. ఇవాళ వాళ్ళింట్లో ఏం వండారో మాకు, మాకు ఏం మాడిందో వాళ్ళకి తెలియాల్సిందే.

అప్పటికి సముద్రం మీద వంతెన లేదు. కడుతున్నారు. పడమటి ఒడ్డుకి వెళితే నీళ్ళలో నిలబెట్టిన స్తంభాలు వరసగా కనబడేవి, ఎవరో నడుస్తూ మధ్యలో ఆగిపోయినట్టు. అవతలికి వెళ్ళాలంటే విమానమే. మా దీవికి ఉత్తరపు కొసన ముహర్రక్‌లో ఒక విమానాశ్రయం, అటువైపు దహ్రాన్‌లో ఒకటి. నడుమ ఉన్నది నీళ్ళు, అంతే. మామా చెప్పేది, విమానంలో ఇచ్చిన పళ్ళరసం మూత తీసేలోగా బెల్టు కట్టుకోమంటారని. నాకు గడియారం ముళ్ళు తెలుసు గానీ అంకెలు రావు. అందుకని నా లెక్క నాకుంది. విమానం ఎక్కే వేళకి నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. బియ్యం పోసి, పొంగు వచ్చి, అన్నం వార్చే సమయానికి ఫోను మోగేది, దిగానని. ఒకసారి కాదు, ఆవిడ వెళ్ళిన ప్రతిసారీ చూశాను. ఒకటి రెండుసార్లు అన్నమే వెనకబడింది.

ఆ లెక్కే నన్ను పాడుచేసింది. మామా చెల్లెలికి పనిమనిషి కావలసి వచ్చింది. "మీ అక్క ఉందన్నావు కదా, రమ్మను. ఇక్కడ మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం, అక్కడ మీరిద్దరూ" అని మామా చప్పట్లు కొట్టింది. మా అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. బావ పోయాక అమ్మ దగ్గరే ఉండేది. ఊరు దాటాలంటే భయం దానికి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితేనే కళ్ళు మూసుకునే మనిషి. ఉత్తరం రాయడం నాకు రాదు, చదవడం దానికి రాదు. అందుకని మా ఇంటి డ్రైవరు టేపురికార్డరులో కేసెట్టు నింపి, శుక్రవారం తెలుగు ప్రార్థనకి వచ్చే ఒకావిడ ఊరెళ్తుంటే ఇచ్చి పంపాను. ఏం చెప్పానో మాటకి మాట గుర్తుంది. "నా పక్కనే ఉంటావే. నేనున్న చోటుకీ నువ్వుండే చోటుకీ ఇమానంలో అన్నం ఉడికేంత సేపు. ఇలా ఎక్కి అలా దిగడమే. పండక్కీ పబ్బానికీ కలుత్తానే ఉంటాం."

అదే కేసెట్టులో రెండోవైపు జాగ్రత్తలు చెప్పాను. చిన్న వయసు ఆడవాళ్ళని వెళ్ళనివ్వరని బొంబాయి ఏజెంటు మా పాస్‌పోర్టులు వేరే పేర్ల మీద, పెద్ద వయసు వేసి తయారు చేయించేవాడు. నా పాస్‌పోర్టులో నేను ఎవరో ఫాతిమాబీని, మా అమ్మ వయసుదాన్ని. అక్కకి కూడా అలాగే ఎవరిదో పేరు వచ్చింది. విమానాశ్రయంలో ఆఫీసర్లు అనుమానం వస్తే మన అసలు పేరు కనుక్కుని వెనక నుంచి కేకేస్తారని, తల తిప్పితే దొరికిపోయినట్టేనని ఏజెంటు మాకు భయం పెట్టేవాడు. గదిలో వరసగా కూర్చోబెట్టి, వెనక నించుని ఒక్కొక్కరినీ పుట్టినప్పటి పేరుతో పిలిచేవాడు. ఎవరు తిరిగితే వాళ్ళకి ఆ పూట టీ లేదు. నాకు రెండుసార్లు టీ పోయింది. నాలా కాకూడదని అక్కకి కేసెట్టులో గట్టిగా చెప్పాను. "ఇమానాలకాడ నీ పేరెట్టి ఎవడు పిలిచినా పలక్కే. చెవిటిదానిలా కూకో. ఇల్లు చేరేదాకా అంతే."

అక్క వచ్చింది. దహ్రాన్‌లో దిగింది, వాళ్ళింటికి చేరింది. ఆ తర్వాత రెండేళ్ళలో మేము ఒక్కసారి కూడా ఒకరినొకరు చూసుకోలేదు.

ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణం ఏమీ లేదు. పండక్కి మామా చెల్లెలు కుటుంబంతో వచ్చేది, కానీ వాళ్ళ అత్తగారు మంచంలో ఉంది, చూసుకోవడానికి అక్కని ఉంచి వచ్చేది. మరోసారి తెద్దామనుకున్నారు, ఆ దేశం దాటి రావడానికి కాగితం కావాలన్నారు, కాగితం వచ్చేసరికి పండగ అయిపోయింది. ఇంకోసారి అక్క పాస్‌పోర్టు ఎక్కడ పెట్టారో వాళ్ళ బాబాకి గుర్తు రాలేదు. ప్రతిసారీ మామా చెల్లెలు నా బుగ్గ తట్టి, "వంతెన అయిపోనీ, కారులో వేసుకుని తెస్తా" అనేది. నిజంగానే అనేది, అబద్ధం కాదు. ఇద్దరు యజమానురాళ్ళూ సోఫాలో ఒకరి ఒళ్ళో ఒకరు తల పెట్టుకుని నవ్వుకుంటుంటే నేను టీ అందించేదాన్ని. చెల్లెలి బట్టల్లో మా అక్క ఇస్త్రీ మడతలు గుర్తుపట్టేదాన్ని. చేతుల చొక్కా మడిచేటప్పుడు అక్క ఎప్పుడూ ఎడమ చెయ్యి పైకి పెట్టేది.

వారానికోసారి ఫోనులో మా ఇద్దరికీ రెండు నిమిషాలు ఇచ్చేవారు. మొదట్లో అక్క ఏడ్చేది, తర్వాత కోప్పడేది, ఆ తర్వాత మాట్లాడటమే మానేసింది. చివరిసారి కోపంగా అన్నది ఇది. "పక్కనే అన్నావు కదే. ఏ పక్కనున్నావే నువ్వు? ఎటేపు చూసినా గోడే ఇక్కడ." నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఫోను పెట్టేసింది. అటుమీదట నాలుగు నెలలు, ఫోను తీసుకోమంటే చేతులు తడిగా ఉన్నాయని చెప్పి పంపేది. ఆ నాలుగు నెలల్లో ఒకసారి మామా వాళ్ళు సాయంత్రం పూట బుదయ్య ఒడ్డుకి తీసుకెళ్ళారు. పిల్లలు ఆడుకుంటున్నారు. పొద్దు వాలాక నీళ్ళకి అవతల దీపాల వెలుగు సన్నగా కనబడింది. "అదిగో మీ అక్క" అంది మామా. ఎంత సంతోషంగా అందో. నేను చెయ్యి ఊపాను కూడా. ఆవిడ సంతోషం చెడగొట్టడం ఎందుకని.

అక్కకి కడుపులో గడ్డ అని తెలిసింది. అక్కడి ఆసుపత్రిలో చూసి, కోసినా లాభం లేదు, ఇంటికి పంపెయ్యండి అన్నారట. వాళ్ళ బాబా టిక్కెట్టు కొన్నాడు. పొద్దున దహ్రాన్ నుంచి బహ్రెయిన్, అక్కడ విమానం మారి, మధ్యాహ్నం బొంబాయి. బొంబాయికి మా తమ్ముడు రైల్లో వెళ్ళి దింపుకుంటాడు. ఆ ముందు రోజు అక్క తనంతట తను ఫోను అడిగి తీసుకుందట. గొంతు గుర్తు పట్టలేనంత నీరసంగా ఉంది.

"బారేనులో ఆగుద్దంట కదే."

"ఆయ్, ఆగుద్ది. నేనొత్తాను. ఏం తినాలనుందే నీకు?"

"చేపల పులుసు ఎట్టుకురా" అంది. ఆ తర్వాత, "నిజంగా వత్తావా?" అంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. మనవాళ్ళు ఎవరైనా దూరం వెళ్తూ మన ఊరి మీదుగా పోతున్నారని తెలిస్తే, అన్నం కారియర్ కట్టుకుని బస్టాండుకి వెళ్ళాలి. రావులపాలెంలో బస్సు మారే పది నిమిషాల్లో అయినా సరే, కిటికీలోంచి అయినా సరే, ఆ కారియర్ అందించాలి. మా అమ్మ ఒకసారి జ్వరంతోనే ఆరు మైళ్ళు నడిచి వెళ్ళి మా మేనమామకి గుడ్లకూర అందించి వచ్చింది. వెళ్ళకపోయామా, ఇక వాళ్ళతో మాకు ఏమీ లేదని చెప్పినట్టే. అలా ఒక్క కారియర్ పట్టుకెళ్ళనందుకు పదేళ్ళు మాటలు లేని అన్నదమ్ములు మా పేటలో ఉన్నారు. అందుకని అక్క "నిజంగా వత్తావా" అని అడిగినది చేపల కోసం కాదని నాకు తెలుసు. కోపం పోయిందని చెప్పడానికి అది తన దారి. నేను పులుసు పట్టుకుని ఎదురుగా నించుంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. ఆ మనిషిని మళ్ళీ చూడనని ఆ గొంతు విన్నప్పుడే తెలిసిపోయింది. చూడవలసింది ఆ ఒక్క పూటే.

మామాని అడిగితే వెంటనే వెళ్ళమంది, డ్రైవరుని కూడా ఇచ్చింది. డ్రైవరు కరీంనగరం వైపు మనిషి. నన్ను చెల్లె అనేవాడు. ఆయనకి గల్ఫంతా దుబాయే. మనం ఉన్నది బహ్రెయిన్ కదండీ అంటే, "గిది గూడ దుబాయే గదనే, నడిమిట్ల జర సముద్రమున్నది" అనేవాడు. చేప ఆయనే తెచ్చాడు, బజారులో ఏరి. చింతపండు పులుసు మరుగుతుంటే మామా ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరిగింది గానీ ఏమీ అనలేదు. అక్కకి పులుసులో మెంతులు పడాలి, బెల్లం పడకూడదు. నాలుగు గిన్నెల కారియర్‌లో కింద అన్నం, పైన పులుసు, ఆ పైన ఇంకొంచెం అన్నం, అన్నిటికీ పైన వేపుడు. ముహర్రక్ వెళ్ళే దారిలో ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలాయి. పక్కన పెట్టుకోమన్నా పెట్టలేదు.

మేము వెళ్ళేసరికి ఎనిమిది. జనం బయటికి వచ్చే తలుపు ఎదురుగా ఇనపకమ్మీ దగ్గర నించున్నాను. కాసేపటికి సముద్రం వైపు నుంచి ఒక విమానం తక్కువ ఎత్తులో వచ్చి దిగింది. "గదే దహ్రాన్‌ది" అన్నాడు డ్రైవరు. తెల్లటి పొడుగు చొక్కాల మగవాళ్ళు చిన్న చిన్న సంచులతో వచ్చారు, గబగబా కార్లెక్కి పోయారు. నల్ల బురఖాల ఆడవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి నడక చూశాను. తర్వాత ఎవరూ రాలేదు. జబ్బుమనిషి కదా, నెమ్మదిగా వస్తుందనుకున్నాను. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. కారియర్ అడుగు చల్లబడింది.

డ్రైవరు వెళ్ళి పోలీసుని అడిగి, ఇంకో కౌంటరు దగ్గర అడిగి వచ్చాడు. వస్తూనే నా మొహం చూడకుండా చెప్పాడు. "చెల్లె, ఆమె బయటకు రాదంట. ఇమానం మారెటోల్లను లోపట్నే కూసోబెడ్తరంట. వీసా లేకుంట ఇడువరు."

"మారాలంటే దిగాలి కదండీ?"

"దిగింది. గాడనే ఉన్నది, గా గోడవతల. బొంబాయి ఇమానం ఎక్కేదాంక గాడనే."

"మరి బస్టాండులో..."

"గిది బస్టాండు గాదు గదనే" అన్నాడు ఆయన, తప్పు తనదే అయినట్టు. పాపం, ఆయనకీ తెలియదు. ఆయన వచ్చినప్పుడు నేరుగా వచ్చాడు, నేనూ అంతే. మామా ఎన్నిసార్లు విమానం ఎక్కినా దిగినచోట దర్జాగా బయటికి నడిచిన మనిషే. విమానం దిగిన మనిషి బయటికి రాకుండా ఉండే చోటు ఒకటి ఉంటుందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఆ గోడ ఎంత మందమో నాకు తెలియదు. లోపల ఏదో చెబుతుంటే ఆ మైకు గొంతు ఇవతలికి వినబడుతోంది. నేను పోలీసు కాళ్ళు పట్టుకోబోయాను, డ్రైవరు రెక్క పట్టి లేపాడు. అప్పుడు తుడిచే బండి తోసుకుంటూ ఒక బంగాళీ భాయ్ కనబడ్డాడు. యాభై ఏళ్ళుంటాయి, గళ్ళ తువ్వాలు, కంపెనీ నీలం యూనిఫాం. లోపలికీ బయటికీ తిరిగే మనిషి. డ్రైవరు హిందీలో బతిమాలాడు. తినేది ఏదీ లోపలికి పట్టుకెళ్ళడానికి లేదు గానీ మనిషిని చూసి మాట చెప్పి వస్తానన్నాడు. నల్ల బురఖాల్లో అందరూ ఒకలాగే ఉంటారు, ఎలా గుర్తుపట్టను అన్నాడు. పేరు పెట్టి పిలువు అన్నాను. నేను చెప్పిన పేరు మూడుసార్లు పలికించి చూశాను. బాగానే పలికాడు. తెలుగులో ఇంకేం చెప్పమన్నా ఆయనకి నోరు తిరగదని, పేరు పిలిచి, తిరిగిన మనిషికి బయటికి వేలు చూపించమన్నాను. అక్క అద్దం దాకా వస్తే చాలు. ఎక్కడో ఒక చోట అద్దం ఉండకపోదు.

ఆయన వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా మూడుసార్లు తిరిగి పిలిచాడట. ఎవరూ పలకలేదు. ఒక మూల గోడకి ఆనుకుని ఎవరో ఆడమనిషి కూర్చుని ఉందట, ఆవిడేమోనని దగ్గరికి వెళ్ళి కూడా పిలిచాడట. తల వంచుకుని అలాగే కూర్చుందట, కదల్లేదట. "వో నహీ హై, బహెన్" అన్నాడు. అక్క ఆ విమానంలో అసలు రాలేదేమో అని ఒక ఆశ పుట్టింది నాకు. అంత జబ్బులో ప్రయాణం మానుకుందేమో, ఇంకో రోజు వస్తుందేమో. అయినా అక్కడి నుంచి కదలలేదు. మూడు దాటాక డ్రైవరే బతిమాలి నన్ను కారెక్కించాడు. ముహర్రక్ నుంచి మనామా వచ్చే పాత చిన్న వంతెన మీద ఉండగా బొంబాయి విమానం లేచింది, ఆయన కారు ఆపి చూపించాడు. తలెత్తి చూశాను. ఎంత సేపు కనబడాలో అంత సేపు కనబడింది. "యల్లా చెల్లె, పోదాం" అన్నాడు.

ఇంటికి వస్తే మామా గుమ్మంలో నించుని ఉంది. అప్పటికే చెల్లెలికి ఫోను చేసి, మా అక్క విమానం ఎక్కిందని కనుక్కుంది. "తిన్నదా? ఎంత తిన్నది?" అని అడిగింది. ఆవిడ మొహంలో ఆత్రం చూశాను. ఉదయం నుంచి పులుసు వాసన భరించింది, డ్రైవరుని రోజంతా వదులుకుంది. "అంతా తిన్నది, మామా" అన్నాను. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, వెంటనే ఫోను తీసి చెల్లెలికి చెప్పింది, ఇద్దరూ కలుసుకున్నారట, కడుపునిండా తిన్నదట అని. అవతల ఆవిడ కూడా ఏడ్చిందట. నిండుగా ఉన్న కారియర్‌ని నేను చీర కొంగు చాటున వంటింట్లోకి పట్టుకుపోయాను. డ్రైవరు మర్నాడు దాన్ని మీనా సల్మాన్ ఓడరేవు దగ్గర తన ఊరివాళ్ళ క్యాంపుకి పట్టుకెళ్ళాడు. పులుసు రెండో రోజుకి బాగా ఊరిందని, అంత మంచి పులుసు దేశం వదిలాక తినలేదని వాళ్ళు చెప్పమన్నారట.

ఆ శుక్రవారమే కేసెట్టు నింపి పంపాను, నేను వచ్చానే, గోడకి ఇవతలే ఉన్నానే అని. అది ఊరు చేరేసరికి అక్కని మట్టి చేసి ఆరు రోజులైంది. ఆ సంగతి నాకు ఇంకో నెలకి తెలిసింది.

మరుసటి ఏడు వంతెన పూర్తయింది. మామా చెల్లెలు మాట తప్పలేదు. మొదటి వారమే కారులో అందరినీ వేసుకుని వచ్చింది, కొత్త పనిమనిషితో సహా. సిలోను పిల్ల. వంటింట్లో నా పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని బెదురుగా చూసింది. నీలం పువ్వుల నైటీ వేసుకుంది. అది మేము ఊళ్ళో ఉండగా అక్కా నేనూ ఒకే తానులోంచి కుట్టించుకున్నది. నాది అప్పటికే చిరిగి పొయ్యి తుడిచే గుడ్డ అయిపోయింది. ఆ పిల్లకి అన్నం పెట్టాను. మారు అడిగి తిన్నది. ఆ తర్వాత ప్రతి వారం వచ్చేవాళ్ళు.

నా ఒప్పందం అయిపోయి ఊరు వెళ్ళాక, అమ్మ ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ అక్క చివరి రోజులు చెప్పింది. ఏడవకుండా చెప్పింది, ఏడుపు అప్పటికే అయిపోయిందేమో. "నిన్నే అడిగిందే, పోయేదాకా. చెల్లి ఎందుకు రాలేదమ్మా, ఇంకా కోపమేనా అని. పనిలోంచి వదిలుండర్లే అన్నాను. కాదమ్మా, అది రావాలనుకుంటే వత్తాది అంది." నేను వచ్చానమ్మా అనబోయాను. అమ్మ రాయి ఏరి పారేసి, ఏదో అల్లాటప్పా సంగతి చెబుతున్నట్టు ఇంకోటి చెప్పింది. "ఆ బారేనులో ఎవడో మగోడు, డ్రెస్సేసుకున్నోడు, దాని పేరెట్టి పిలుత్తా తిరిగాడంట. దగ్గరికొచ్చి మరీ పిలిచాడంట. చెల్లి చెప్పింది కదా అని తలెత్తలేదంట. గుండె దడదడలాడిపోయిందంట పాపం, ఎక్కడ పట్టుకుపోతాడోనని."

నేను వచ్చాననే మాట ఇక అనలేదు. అమ్మ బతికి ఉన్నంతకాలం అనలేదు. అంటే ఆ పిలిచిన మనిషి ఎవరో కూడా చెప్పాలి కదా.

అక్షరాలు నేర్చుకుంటున్న రోజుల్లో, చర్చి హాల్లో పలక పట్టుకుని కూర్చున్నప్పుడు, అప్పుడే ఇవి వచ్చి ఉంటే అని అనుకునేదాన్ని. తర్వాత అనుకోవడం మానేశాను. అక్షరాలు వచ్చి ఉంటే ఆ తలుపు మీద ఏం రాసి ఉందో చదివేదాన్ని, అంతే. తలుపు తెరుచుకునేది కాదు. కావలసింది అక్షరం కాదు, ఒక్క పిలుపు. ఆ బంగాళీ భాయ్‌కి పేరు నేర్పడం మాని 'అక్కా' అని పిలవమని చెప్పి ఉంటే సరిపోయేది. ఏ ఆఫీసరూ ఎవరినీ అలా పిలవడు. చిన్న మాట, ఎవరికైనా నోరు తిరుగుతుంది. అక్క పేరు నేను ఇక్కడ రాయలేదు. రాయడం రాక కాదు.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. బహ్రెయిన్‌కీ దహ్రాన్‌కీ నడుమ విమానంలో ఎంతసేపో ఫోనులో చూడమన్నాను, అంతే. వెతికి వెతికి, "ఆ దహ్రాన్ ఎయిర్‌పోర్టుకి ఇప్పుడు మామూలు విమానాలు వెళ్ళవంట, అమ్మమ్మా. ఇంకోచోట కొత్తది కట్టారంట. అయినా వంతెన ఉండగా విమానం ఎందుకు, కారులో వెళ్ళొచ్చు" అంది. పోయిన దారి కూడా మిగల్లేదన్నమాట. పెట్టె సర్దుకుంటూ, మధ్యలో ఢిల్లీలో విమానం మారాలని, ఐదు గంటలు కూర్చోవాలని విసుక్కుంది. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. "ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తప్పకుండా పలకవే." అది పకపకా నవ్వింది. "ఢిల్లీలో నన్నెవరు పిలుస్తారు అమ్మమ్మా!"

దాన్ని ఆటో ఎక్కించి లోపలికి వస్తే పొయ్యి మీద ఎసరు సలసలా కాగుతోంది. కడిగిన బియ్యం గట్టు మీదే ఉన్నాయి, పోయడం మరిచిపోయాను. పోయకపోతే నీళ్ళు ఆగవు, అవి గిన్నె అడుగు కనబడేదాకా అలా కాగుతూనే ఉంటాయి. నలభై ఏళ్ళయింది అంటారు గానీ, నాకు కాలం గడిచింది అలాగే.